సున్నా వచ్చిన చెయ్యి

నర్సుల గది,
కంటి ఆస్పత్రి, రెండో అంతస్తు.

గోరింకా,

ఫోన్ చేస్తే నేను అరుస్తాను, నువ్వు "సిగ్నల్ పోతోంది వదినా" అని పెట్టేస్తావు. మీ అన్నయ్య దగ్గర నేర్చుకున్న విద్యే అది. అందుకని ఉత్తరం. కాగితం మీద అరిస్తే ఎవరూ పెట్టేయలేరు. చింపేయొచ్చు గానీ, చింపేముందు చదవకుండా ఉండలేవు. నీ సంగతి నాకు తెలుసు.

మీ కంపెనీ కెమెరాలు మా ఆపరేషన్ గదికి వచ్చిన రోజున, అందులో నువ్వు రాసిన ప్రోగ్రామే ఉందని మీ అన్నయ్య వీధంతా చాటాడు. నేనూ మురిసిపోయాను. మనిషి కంటికి అందని కదలికను యంత్రం పట్టుకుంటే మనిషికే మేలు. సైన్సును తిట్టేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మంట. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది విని "వదినది పాతకాలం బుర్ర" అనకు.

మా గదిలో ఇప్పుడు రోజూ ఒక తంతు నడుస్తోంది. ఆపరేషన్‌కి ముందు అందరం చేతి తొడుగుల మీద మెరిసే బిళ్ళలు అంటించుకుని, చేతులు చాపి, ఊపిరి బిగబట్టి నిలబడాలి. దీని పేరు స్థిర పరీక్ష. బడిలో చెయ్యి చాపమని బెత్తం ఎత్తే మాస్టారు గుర్తొస్తాడు. ఎవరి చెయ్యి ఎంత వణికిందో గోడ మీది తెరలో అంకె పడుతుంది. చిన్న డాక్టరుకి ఒక అంకె, పక్క నర్సుకి ఒక అంకె, నాకు ఒక అంకె. ఆపరేషన్ చేసే పెద్ద డాక్టరుకి, అదే మా పెద్దాయనకి మాత్రం సున్నా. రోజూ సున్నాయే. ఆ సున్నా పడగానే గాజు తలుపు అవతల నిలబడి మేనేజరు చప్పట్లు కొడతాడు. మండే ఎండల్లో కూడా టై విప్పడు కాబట్టి మేమంతా అతన్ని టై బాబు అంటాం. ఆ చప్పట్లు వింటే నాకు పరగడుపునే వాంతి వచ్చినట్టు ఉంటుంది. ఆస్పత్రి కట్టించిన డాక్టరే కావచ్చు, ఎన్ని వేల కళ్ళకో చూపు ఇచ్చినవాడే కావచ్చు. చెయ్యి కదలనందుకు కూడా చప్పట్లేమిటే? ఊపిరి పీలుస్తున్నందుకు కూడా కొడతారా?

సరే, అసలు సంగతి. మొన్న ఒక స్కూలు బస్సు డ్రైవరుకి కంటి లోపల పొర ఒలిచే ఆపరేషన్ పెద్దాయన చేశాడు. వెంట్రుక మందం కూడా లేని పొర. పట్టకారు లాంటి సన్నని పనిముట్టుతో ఒలవాలి. పనిముట్టు లోతుగా దిగింది. ఆ కన్ను పోయింది. అతనిక బస్సు తోలలేడు.

విచారణ జరిగింది. తెర మీద మీ యంత్రం గీసిన గీతలు చూపించారు. ఆ క్షణంలో పెద్దాయన చెయ్యి నిశ్చలంగా ఉందట. నా చెయ్యి మాత్రం వణుకుతోందట. కాబట్టి నేనే ఆయన మోచేతికి తగిలి ఉంటానట. తగల్లేదని నేను చెప్పాను. "మీరు చెప్పేది మాట సిస్టర్, ఇది కొలత" అన్నాడు టై బాబు.

నన్ను ఆపరేషన్ బల్ల దగ్గర్నుంచి తీసేశారు. రేపటినుంచి బట్టల గదిలో దుప్పట్లు మడతపెట్టాలి. ఇన్నేళ్ళుగా డాక్టర్ల చేతికి కత్తి అందించిన చెయ్యి ఇది.

ఒక్క మాట అడుగుతాను, సూటిగా చెప్పు. మీ యంత్రం అబద్ధం చెబుతుందా, చెప్పదా?

మీ వదిన

*

కంపెనీ ల్యాబు,
కిటికీ లేని గది.

వదినా,

నీ ఉత్తరం ఇక్కడే కూర్చుని చదివాను. పక్క సీటావిడ "ఎవరు తిట్టారు?" అని అడిగింది. మొహం చూస్తే తెలిసిపోయిందట.

డ్రైవరు సంగతి దగ్గర ఆగి మళ్ళీ చదివాను. కానీ నువ్వు సూటిగా అడిగావు కాబట్టి సూటిగానే చెబుతాను. యంత్రం అబద్ధం చెప్పదు. మా కెమెరాలు సెకనుకి వెయ్యి బొమ్మలు తీస్తాయి. ఒక బొమ్మకీ మరో బొమ్మకీ మధ్య నీ బిళ్ళ ఇసుక రేణువంత జరిగినా పట్టేస్తాయి. పని కోసం చెయ్యి కదిలితే దాన్ని లెక్కలోకి తీసుకోవు, కదలకూడని క్షణంలో కదిలిందా అన్నదే చూస్తాయి. దానికి నీ మీద పగ లేదు, ఆయన మీద భక్తీ లేదు. మొదట్లో మీ ఆస్పత్రి నుంచి ఏవో చిన్నచిన్న ఫిర్యాదులు వస్తే నేనే సరిచేశాను. ఇప్పుడు శుభ్రంగా పనిచేస్తోంది.

కోపం తెచ్చుకోనంటే ఒకటి చెప్తాను. ఒక వయసు దాటాక ఎవరి చెయ్యయినా కాస్త వణుకుతుంది. మనకి తెలియదు కూడా. నువ్వు గంటల తరబడి నిలబడతావు, తిండి వేళకి తినవు, టీ మీద టీ తాగుతావు. ఒకసారి నరాల డాక్టరుకి చూపించుకోకూడదా? అందులో తప్పేముంది? నువ్వు తప్పు చేశావని నేను అనడం లేదు వదినా. చెయ్యి చేసిందేమో అంటున్నాను, అంతే.

అన్నయ్యని అడిగానని చెప్పు.

నీ గోరింక

*

మీ అన్నయ్యగారి వంటింట్లో,
స్టౌ పక్కన.

యంత్రం తరఫు వకీలమ్మకి,

"నువ్వు కాదు, నీ చెయ్యి" అన్నావే, ఆ మాట ఏ కాలేజీలో నేర్పారు? నా చెయ్యి నాకు అద్దెకి వచ్చిందా? నోరు జారిందంటే విన్నాను, కాలు జారిందంటే విన్నాను. చెయ్యి వేరు, మనిషి వేరు అని మాత్రం ఇవాళే విన్నాను.

నీ సలహా పాటించాను. నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. చేతులు చాపించాడు, కళ్ళు మూయించాడు, ముక్కు తాకమన్నాడు, కాగితం మీద చుట్టలు చుట్టలుగా గీత గీయించాడు. "మీ చేతులు నా చేతులకన్నా నయం, ఎవరు పంపారు మిమ్మల్ని?" అన్నాడు. మా ఆడపడుచు అన్నాను. "ఓహో" అన్నాడు. ఆ ఓహోలో చాలా అర్థం ఉంది.

అయినా ఏం లాభం? ఇంట్లో అనుమానం దూరిపోయింది. నేను టీ పోస్తుంటే మీ అన్నయ్య టీ వైపు చూడటం మానేసి నా మణికట్టు వైపు చూస్తున్నాడు. నిన్న మీ మేనకోడలు నా చేతిలోంచి కత్తిపీట లాక్కుని "నువ్వు లేమ్మా, నేను తరుగుతా" అంది. అది ప్రేమే, కాదనను. ఆ ప్రేమకి చెంప పగలగొట్టాలనిపించింది. ఇంతకన్నా అసహ్యమైన సంగతి, నాకే నా మీద నమ్మకం పోయింది. ఎవరూ లేనప్పుడు గ్లాసు నిండా నీళ్ళు పోసి అరచేతిలో పెట్టుకుని నిలబడుతున్నాను. చుక్క ఒలకదు. అయినా నమ్మకం కుదరదు. మళ్ళీ పోస్తాను. ఒకణ్ణి దొంగా దొంగా అని నలుగురూ అంటే వాడే తన జేబు తడుముకుంటాడు చూడు, అలా ఉంది నా బతుకు.

డ్రైవరు భార్య వచ్చింది. బట్టల గది ఎక్కడో కనుక్కుని మరీ వచ్చింది. కన్ను పోగొట్టిన నర్సువి నువ్వేనా అంది. నేను నోరు తెరిచేలోపు నా కాళ్ళ దగ్గర ఉమ్మింది. నేనే తుడిచాను. ఆవిడ మీద కోపం లేదు. నేను ఆవిడ చోట ఉంటే నేల మీద ఉమ్మేదాన్ని కాదు.

ఇంకొక్కటి అడుగుతాను వకీలమ్మా. చిన్న డాక్టరు పాతికేళ్ళ పిల్ల, రాయిలా నిలబడుతుంది, దానికీ అంకె పడుతోంది. అందరికీ పడుతోంది. ఆయనకి సున్నా ఎలా వస్తుందే? చచ్చినవాడి చెయ్యి బల్ల మీద పెట్టినా, వీధిలో లారీ వెళితే కాస్త కదులుతుంది కదా? బతికున్నవాడికి సున్నా ఏమిటి? మేమంతా మనుషులం, ఆయనొక్కడే గోడా?

మీ వదిన

*

ల్యాబు.

వదినా,

తిట్టాల్సింది తర్వాత తిట్టు. ముందు ఇది చెప్పు.

మీ బిళ్ళల్లో తెల్లవి చాలా ఉంటాయి, ఆకుపచ్చది ఒక్కటే ఉంటుంది. ఆ ఆకుపచ్చ బిళ్ళని ఎక్కడ అంటిస్తారు? ఎవరు అంటిస్తారు? "మామూలు చోటే" అనకు. ఏ చోటో రాయి.

గోరింక

*

బట్టల గది,
దుప్పట్ల గుట్ట వెనక.

గోరింకా,

నీ ఉత్తరంలో మొదటిసారి మర్యాద లేదు. అందుకే మొదటిసారి నమ్మకం కలిగింది.

ఆకుపచ్చ బిళ్ళ పెద్దాయన చేతికి అంటిస్తాం. కుడి చెయ్యి, చూపుడువేలు మొదట్లో, తొడుగు మీద. అంటించేది నేనే. నేనే అంటించేదాన్ని అనాలిప్పుడు.

మీ కంపెనీ వాళ్ళు వచ్చి అమర్చిన రోజున దాన్ని ఆపరేషన్ బల్ల ఇనుప చట్రానికి పెట్టారు. ఆ సాయంత్రమే ప్రారంభం. పూలగుత్తులు, ఫోటోలు, కుర్చీలు చాలక టై బాబు పరుగులు. పెద్దాయన వచ్చి, "ఈ పచ్చది ఏమిటయ్యా?" అని అడిగాడు. మీ కంపెనీ మనిషి వంగి, "అన్నిటికన్నా స్థిరమైన చోట ఉండాల్సిన బిళ్ళ సార్" అన్నాడు. పెద్దాయన నవ్వి, "అలాంటప్పుడు ఇనప ముక్కకెందుకయ్యా, ఇక్కడ పెట్టు" అని చెయ్యి చాపాడు. హాస్యమే అది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. టై బాబు మాత్రం నవ్వుతూనే బిళ్ళ ఊడబీకి ఆయన చేతికి అంటించి ఫోటో తీయించాడు. మీ కంపెనీ మనిషి నోరు తెరిచాడు, మళ్ళీ మూశాడు. మర్నాడు నేను బిళ్ళని బల్లకి పెట్టబోతే టై బాబు గాజు తలుపు మీద టకటకా కొట్టాడు. "సిస్టర్, సార్ చేతికి! సార్ చెప్పారుగా!"

అప్పట్నుంచీ అదే ఆనవాయితీ. కొత్తగా చేరినవాళ్ళకి కూడా అలాగే నేర్పాం. పచ్చది పెద్దాయనది, తెల్లవి మనవి.

ఎందుకు అడిగావు? చెప్పవే. ఏముంది అందులో?

మీ వదిన

*

ల్యాబు.

వదినా,

బాగున్నావా? ఇక్కడ వానలు ఆగడం లేదు. బట్టలు ఆరక ఆఫీసుకి తడి సాక్సుతోనే వెళ్తున్నాను. కొత్త చెప్పులు కొన్నాను, కరుస్తున్నాయి.

నేను ఆలోచించాను. బట్టల గది కొన్నాళ్ళు నయమేనేమో. నిలబడే పని తప్పింది కదా, కాళ్ళకి విశ్రాంతి. పెద్ద సంస్థల్లో ఇలాంటివి కొంతకాలం నడుస్తాయి, తర్వాత వాటంతటవే సర్దుకుంటాయి. నువ్వు ఎవరితోనూ వాదనకి దిగకు. ముఖ్యంగా ఆ బిళ్ళ సంగతి ఎవరి దగ్గరా ఎత్తకు. త్వరలో నీకు మంచి కబురు వస్తుందని నా నమ్మకం.

మేనకోడలికి నా ముద్దులు.

గోరింక

*

బట్టల గది.

ఇంజనీరు గారికి,

మీ ఉత్తరం అందిందండి. వానలు పడుతున్నాయని తెలిసి సంతోషించాము. చెప్పుల విషయంలో మా సానుభూతి స్వీకరించగలరు.

మీ ఉత్తరంలో సాక్సు ఉంది, వాన ఉంది, మా కాళ్ళకి విశ్రాంతి ఉంది. డ్రైవరు లేడు. పోయిన కన్ను లేదు. సున్నా లేదు. నేను అడిగిన ప్రశ్న లేదు. మొదటి ఉత్తరంలో మీరు నన్ను అవమానించారు, అప్పుడు మిమ్మల్ని నా మనిషే అనుకున్నాను. ఇప్పుడు ఓదారుస్తున్నారు. కుళ్ళిన దాని మీద అత్తరు చల్లితే వచ్చే వాసన ఎలా ఉంటుందో, ఆస్పత్రిలో పనిచేసేదాన్ని కాబట్టి నాకు తెలుసండి.

పెద్ద సంస్థల్లో వాటంతటవే సర్దుకుంటాయన్నారు. ఏదీ దానంతటది సర్దుకోదు. ఎవరో ఒకరి మెడ మీద సర్దుకుంటుంది. ఈసారి నా మెడ, ముందు ఆ డ్రైవరు మెడ. రేపు ఎవరిది? పెద్దాయన రోజూ ఆపరేషన్లు చేస్తూనే ఉన్నారు, తమరికి తెలిసే ఉంటుంది.

నిజం చెప్పడం కుదరకపోతే ఇక ఉత్తరాలు వద్దండి. మీ అన్నయ్యగారికి రాసుకోండి. ఆయనకి వాన కబుర్లు ఇష్టం.

ఇట్లు,
ఒక నర్సు

*

నా గది.
ల్యాబు నుంచి కాదు.

వదినా,

"అండి" అనకు. నువ్వు బెత్తం తీసుకున్నా పడతాను గానీ ఆ "అండి" పడలేను.

చెప్తాను. కదలికను కొలవాలంటే, కదలనిది ఒకటి ఉండాలి. రైల్లో కూర్చున్నవాడికి చెట్లు పరిగెత్తినట్టు కనిపిస్తాయి కదా, అలాగే. ఆకుపచ్చ బిళ్ళ ఉన్న చోటు కదలదని యంత్రం ముందే నమ్ముతుంది. మిగతా అన్నిటినీ దాని నుంచి కొలుస్తుంది. ఆ బిళ్ళ పెద్దాయన చేతికి ఉంది. కాబట్టి ఆయన చెయ్యి ఎంత వణికినా సున్నాయే. ఆయన వణుకంతా మీ చేతుల మీద అంకెలై పడుతుంది. మీరు రాళ్ళలా నిలబడ్డా సరే. నీ దగ్గర కనిపించిన వణుకు నీది కాదు వదినా, ఆయనది.

మరి ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎందుకు బయటపడలేదంటావు. పడింది. మొదటి వారంలోనే పడింది. మీ ఆస్పత్రి నుంచి ఫిర్యాదు వచ్చిందని రాశాను చూడు, అది ఏమిటో తెలుసా? "తెరలో గోడ వణుకుతోంది. దీపం వణుకుతోంది. చూడ్డానికి బాగాలేదు." అంతే. బాసు నన్ను పిలిచి సరిచేయమన్నాడు. గోడలు ఎలా వణుకుతాయి, ఏదో లెక్క తప్పిందిలే అనుకుని గోడ, దీపం, బల్ల కదలనివిగా చూపించమని ప్రోగ్రాంలో రాసేశాను. వాటిని బిగించేశాను. మనుషుల్ని మాత్రం వదిలేశాను. మనుషులు కదులుతారు కదా, సహజమే కదా అని.

గోడ వణికితే ప్రోగ్రాం తప్పు. నర్సు వణికితే నర్సు తప్పు. ఎవరూ నాతో ఈ మాట అనలేదు. నేనే అలా అనుకుని రాశాను. ఎంత సులువుగా అనుకున్నానో తలుచుకుంటే నా మీద నాకే రోత పుడుతోంది.

నీ ఉత్తరం వచ్చాక ఆ బిగింపు విప్పి డ్రైవరు ఆపరేషన్ బొమ్మలు మళ్ళీ వేసి చూశాను. గోడ, దీపం, బల్ల, బల్ల మీద అతని తల, నీ చెయ్యి, చిన్న డాక్టరు చెయ్యి, అన్నీ ఒకే లయలో వణుకుతున్నాయి. భూకంపంలా. మధ్యలో ఒక్క చెయ్యి దేవుడి చెయ్యిలా కదలకుండా ఉంది. నేను కుర్చీలోంచి లేచి బయటికి వెళ్ళి నీళ్ళు తాగాను.

బాసుకి చూపించాను. చాలాసేపు చూశాడు. "ఆయన ఫోటో మన క్యాలెండరు మీద ఉందమ్మా" అన్నాడు.

"మరి ఆ డ్రైవరు కన్ను సార్?"

"కన్ను మనం పొడిచామా?"

తర్వాత ఆయనా మీ టై బాబూ మాట్లాడుకున్నారు. ఇకమీద పచ్చ బిళ్ళని చప్పుడు చేయకుండా బల్లకి మారుస్తారట. అలా మారిస్తే పెద్దాయనకి అంకె పడుతుంది కదా? అందుకని కొత్తగా "అనుభవ సవరణ" అని ఒకటి పెడతారట. పెద్దవాళ్ళ వణుకుని వాళ్ళ అనుభవంతో భాగిస్తారట. నవ్వకు, నిజంగానే ఆ మాట అన్నాడు. రాయమని నాకే ఇచ్చాడు. నేను రాయలేదు. ఇంకొకడు సాయంత్రానికల్లా రాసిచ్చాడు.

నిన్ను మళ్ళీ ఆపరేషన్ గదికి పిలుస్తారు. శిక్షణ వల్ల నీ చెయ్యి బాగుపడిందని చెబుతారు. నువ్వు ఊరుకోవాలి. అదీ ఒప్పందం. నేను రాసిన మంచి కబురు అదే. నీ ఉద్యోగం నీకు వస్తుందని సంబరపడి, మిగతాది మింగేశాను. నిన్ను కాపాడుతున్నాననుకున్నాను.

ఆ బొమ్మలు నా దగ్గర ఉన్నాయి. ఏం చేయమంటావో చెప్పు. నాకు భయంగా ఉంది వదినా. కానీ చెప్పు.

నీ గోరింక

*

ఇల్లు. ముందు గది.
డ్యూటీలో ఉండాల్సిన వేళ.

గోరింకా,

భయపడు. భయం తప్పు కాదు. వానలూ చెప్పులూ రాయడమే తప్పు. ఇప్పుడు జరిగింది విను.

నువ్వు చెప్పినట్టే పిలిచారు. అందర్నీ హాల్లో కూర్చోబెట్టి టై బాబు నన్ను పక్కన నిలబెట్టుకున్నాడు. "మన సిస్టర్ పట్టుదలతో చెయ్యి కుదుటపరుచుకున్నారు. ఇది మన శిక్షణ గొప్పతనం. చప్పట్లు!" అన్నాడు. కొట్టారు. దుప్పట్లు మడతపెట్టడం శిక్షణట. ఆ చప్పట్లు ఒంటి మీద బల్లి పాకినట్టున్నాయి. ముందు చేయని తప్పుకి శిక్ష వేశారు, ఇప్పుడు లేని జబ్బుకి నయమైందంటున్నారు. రెంటికీ నేను దండం పెట్టాలి.

ముందుగా పెద్దాయన గదికి వెళ్ళాను. నలుగురిలో అడిగి పరువు తీయడం నాకూ ఇష్టం లేదు. ఎంతైనా ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను. తలుపు వేసి చెప్పాను.

"సార్, మీ చెయ్యి వణుకుతోంది. బిళ్ళ అంటించేటప్పుడు నా వేలికి తెలిసేది. గది చలి అనుకునేదాన్ని. మీకూ తెలుసు కదా సార్. మానేయండి. చెప్పడానికీ నేర్పడానికీ మీకు బోలెడంత ఉంది."

ఆయన కుడి చెయ్యి కోటు జేబులో పెట్టుకున్నాడు. కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. మనసు మారుతుందనే అనుకున్నాను. ఇటు తిరిగి, "నీ ఉద్యోగం నీకు వచ్చిందిగా అమ్మా?" అన్నాడు.

అంతే. ఒక మనిషి మీద మిగిలిన గౌరవం ఒక్క వాక్యంతో ఎలా పోతుందో చూశాను. చెయ్యి వణకడం పాపం కాదే. రేపు నాదీ వణుకుతుంది, నీదీ వణుకుతుంది. వణికే చేతిని జేబులో దాచుకుని, ఇంకొకరి చెయ్యి వణికిందని లోకం అంటుంటే వింటూ కూర్చోవడం, అదీ నాకు రోత. ఆయన ఒక్కడే కాదు. ఆ చెయ్యి మా అందరి కళ్ళెదుట ఉండేది. ఎవరం దాని వైపు చూడలేదు. తెర వైపు చూశాం. సున్నా చూసి మురిశాం. చదువుకున్నవాళ్ళం, తెల్లకోట్ల వాళ్ళం, పెద్దవాడు హాస్యమాడితే అదే శాస్త్రమని పట్టుకున్నవాళ్ళం. మీ యంత్రం పాపం నిజాయితీగానే అరిచింది, గోడతో సహా ఊగి అరిచింది. దాని నోరు కూడా మనమే నొక్కాం.

డ్రైవరు ఇంటికి వెళ్ళాను. చెప్పాను. "ఇప్పుడు చెబితే కన్ను వస్తుందా?" అన్నాడు. రాదన్నాను. భార్య ఈసారి ఉమ్మలేదు, తలుపేసింది. నేను మెట్లు దిగుతుంటే అతను మళ్ళీ తలుపు తీసి, "ఆ బొమ్మలు ఎవరి దగ్గర ఉన్నాయి?" అని అడిగాడు. నీ నంబరు ఇచ్చాను. అతను ఫోన్ చేస్తాడు. ఈసారి సిగ్నల్ పోనివ్వకు.

ఇవాళ పొద్దున నన్ను ఆపరేషన్ బల్ల దగ్గర నిలబెట్టారు. పేషెంటు కూరగాయల కొట్టావిడ. తక్కెడ ముల్లు వంకరగా కనిపిస్తోందని వచ్చింది, ఆ డ్రైవరుకి ఉన్న జబ్బే. గట్టి గొంతు. పడుకోబెడుతుంటే, "ఇదిగో సిస్టరూ, నా ముల్లు తిన్నగా కనిపించాలి, లేకపోతే కొనేవాళ్ళు నన్ను దొంగంటారు" అంది. మొహం మీద గుడ్డ కప్పి ఒక్క కన్ను బయట ఉంచాం.

స్థిర పరీక్ష అయింది. పచ్చ బిళ్ళ బల్లకే ఉంది. మా అందరికీ చిన్న చిన్న అంకెలు. పెద్దాయనకి మళ్ళీ దాదాపు సున్నాయే. అనుభవం భాగించింది కాబోలు. టై బాబు చప్పట్లు.

కంటి పక్కన పొడిచే మత్తు సూది ముందు అందించాలి. సూది నింపాను. పెద్దాయన అలవాటు ప్రకారం ఇటు చూడకుండానే అరచెయ్యి చాపాడు.

నేను సూది పట్టుకుని ఉన్నాను. ఇవ్వలేదు.

ఆ చెయ్యి గాల్లో అలా ఆగింది. ఖాళీ చెయ్యి అంతసేపు గాల్లో ఆగడం ఎవరూ ఎప్పుడూ చూసి ఉండరు, ఎందుకంటే నేను ఎప్పుడూ ఆగనివ్వలేదు. ఇప్పుడు అందరూ చూశారు. వేళ్ళ చివర్లు, మంట మీది పాలమీగడ అదిరినట్టు అదురుతున్నాయి. చిన్న డాక్టరు తెర వైపు చూడబోయి ఆగిపోయింది. చెయ్యి వైపే చూసింది.

"ఏమ్మా, చెయ్యి రావట్లేదా?" అన్నాడు పెద్దాయన.

"వస్తోంది సార్. ఇవ్వట్లేదు."

"సిస్టర్!" టై బాబు గాజు తలుపు బాదుతున్నాడు. "సిస్టర్, మీ ఉద్యోగం!"

"విన్నానండీ" అన్నాను.

పెద్దాయన చిన్న డాక్టరు వైపు తిరిగాడు. "నువ్వు అందించు." ఆ పిల్ల నా వైపు చూసింది, ఆయన వైపు చూసింది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని గోడకి ఆనుకుంది. పక్క నర్సు ట్రే మీద గుడ్డ కప్పేసింది. పెద్దాయన కాసేపు తన చెయ్యి వైపే చూసుకున్నాడు. తొడుగు లాగి పారేసి బయటికి నడిచాడు.

నేను సూది పక్కన పెట్టి ఆవిడ మీదికి వంగాను. "అమ్మా, ఇవాళ మీకు ఆపరేషన్ లేదు. ఇంకో ఆస్పత్రిలో ఇంకో డాక్టరు చేత చేయించుకోండి. పేరు నేను చెప్తాను" అన్నాను.

గుడ్డ కింద గొంతు లేచింది. "ఏమిటీ? లేదా? పొద్దున్నుంచి మంచినీళ్ళయినా ముట్టకుండా పడుకుంటే ఇప్పుడా చెప్పడం? కొట్టు మూసుకుని వచ్చానే! మీ ఆస్పత్రి మీద మన్నుపొయ్య! ఎవతివే నువ్వు, నీ మొహం చూడనీ!"

గుడ్డ తీశాను. చుక్కలమందు వేసిన కన్ను, ఎర్రగా, నీళ్ళు కారుతూ, రెప్ప కొడుతోంది. ఆ కన్నుతోనే నన్ను కింది నుంచి పైదాకా చూసి, ఇంకో తిట్టు తిట్టింది.

మీ వదిన